ఒక మనిషికి ఒకే పని

ఆమె చనిపోయిందన్న కబురు మా పాత మేనేజరు ఫోనులో చెప్పాడు. ఒకే ఊపిరిలో రెండు సంగతులు చెప్పాడు. మొదటిది, ఆమె మొన్న పొద్దున పోయింది. రెండవది, ఆమె ఇంట్లో ఉండిపోయిన నలభై ఫారాలను నేను వెళ్ళి అడిగి తీసుకురావాలి.

"దినాలన్న కానియ్యి సార్" అన్నాను.

"దినాలైనంక ఇల్లు సదురుతరు తమ్మీ. పాత కాగితాలని కాంటకేస్తరు. నేను పోతె ఇయ్యరు, నువ్వు పోతె ఇస్తరు. జర జల్ది జూడు."

తాను వెళితే ఎందుకు ఇవ్వరో ఆయనకు తెలుసు. ఆ సంగతి నాకు తెలుసని కూడా ఆయనకు తెలుసు. అయినా గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

సిద్దిపేటలో ఒక కిరాణా దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకొని నడిచేది మా సర్వే ఆఫీసు. ఒక ట్రస్టు కోసం ఏటా అవే ఊళ్ళలో అవే ఇళ్ళకు వెళ్ళి, ఎవరేం తింటున్నారు, ఎవరేం పని చేస్తున్నారు, పిల్లలెలా ఉన్నారు అని అడిగి రాసుకురావడం మా పని. నింపి తెచ్చిన ప్రతి ఫారాన్నీ చదివి, తప్పులు పట్టి, సరిదిద్దాక కంప్యూటరులోకి పోనిచ్చే బాధ్యత ఆమెది. అందరూ స్క్రూటినీ అక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా కనపడేది కాదు. ఇక్కడ కూడా రాయను. తాను చదవని కాగితం మీద తన పేరు ఉండటం ఆమెకు గిట్టేది కాదు.

ఇంజనీరింగ్ పూర్తి చేసి ఆ ఆఫీసులో చేరిన కొత్తలో ఆమెను చూస్తే నాకు ఏవగింపుగా ఉండేది. కారణాలు వరుసపెట్టి రాసుకునే అలవాటు నాకుంది. అప్పుడు రాసుకున్నవి ఇవి. ఒకటి, కుర్చీలో కూర్చోదు. మోకాళ్ళ నొప్పులని నేల మీద చాప పరిచి, కాళ్ళు బారజాపి, చుట్టూ ఫారాల కుప్పలు పెట్టుకుంటుంది. రెండు, పేజీ తిప్పడానికి ప్రతిసారీ వేలు నాలుకకు తాకిస్తుంది. ఆ ఫారాలే తర్వాత నా బల్ల మీదికి వస్తాయి. మూడు, అన్నం తింటూ కూడా చదువుతుంది. పచ్చిపులుసు మరకో, పసుపంటిన బొటనవేలి ముద్రో లేని ఫారం ఆమె కుప్పలో ఉండదు. నాలుగు, కాగితంతో మాట్లాడుతుంది.

"ఏందమ్మా, ఆరుగురున్న ఇంట్ల పావుకిల నూనెతోని నెలంత ఎట్ల ఎల్లదీసినవ్?" అని రాయపోల్ మండలంలో ఎక్కడో ఉన్న ఒక ఇల్లాలిని ఇక్కడి చాప మీద నుంచే నిలదీసేది. జవాబు కోసం కాసేపు ఆగేది కూడా. ఆ తర్వాత ఆ ఫారం తెచ్చిన మనిషిని పిలిచేది.

"నూనె ఎంతన్నది?"

"పావుకిలన్నది అక్కా."

"వారానికా, నెలకా?"

"గది అడగలే."

"కూలి ఎన్ని దినాలు పోయిందో గా గడి గూడ ఖాళీగుంచినవ్."

"ఒక్క గడే గదక్కా. నువ్వే ఏదో ఒకటి ఏసుకోరాదు."

"నేనేస్తే గది నా ఇల్లయితది, వాళ్ళ ఇల్లు గాదు. పో, రెండింటికి బస్సున్నది."

అతను గొణుక్కుంటూ పోయాడు. మర్నాడు వచ్చి, ఆ ఇల్లాలు నూనె సంగతి చెప్పింది గానీ కూలి దినాలు అడిగితే ఆమె ఏమీ చెప్పలేదనీ, ఊరికే నవ్విందనీ అన్నాడు.

"గయితే నవ్విందని రాయి."

ఆ ఫారం నా దగ్గరికి వచ్చింది. ఖాళీ గడి పక్కన పచ్చ సిరాతో "అడిగితే నవ్వింది" అని రాసి, కింద తేదీ వేసి ఉంది. నా ప్రోగ్రాములో నవ్వుకు అంకె లేదు. ఖాళీ అనే రాయాల్సి వచ్చింది.

పచ్చ పెన్ను ఆమె ఒక్కతే వాడేది. ఊళ్ళలో తిరిగేవాళ్ళు నీలం, వాళ్ళ మీది సూపర్‌వైజరు ఎరుపు. ఒక జవాబు తప్పని తేలితే దాని మీద సన్నగా ఒకే గీత గీసి, తనకు సరైందనిపించినది పక్కన రాసి, ఎందుకు మార్చిందో అంచులో రెండు ముక్కలు రాసేది. గీత కింది అక్షరం చదవడానికి రావాలి. ఎవరైనా కసకసా కొట్టేస్తే ఊరుకునేది కాదు. "నువ్వు కొట్టేసింది నాకు కనపడాలె. పదేండ్లకు ఎవలన్న అచ్చి లెక్క మారింది ఎందుకని అడిగితే, ఊరు మారిందా, మనం అడిగే తీరు మారిందా, చెప్పొద్దా?" అనేది.

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ ముసలితనపు చాదస్తం అనుకున్నాను. ఆమెకు అప్పటికి యాభై అయిదేళ్ళు కూడా లేవు.

నేను చేరకముందు జరిగిన ఒక సంగతి ఆఫీసులో అందరూ చెప్పుకునేవాళ్ళు. మొదట్లో ఫారాలలో బియ్యం, పప్పు మానికల్లో, సోలల్లో రాసేవాళ్ళట. ఒక ఏడాది పైనుంచి ఉత్తరం వచ్చింది, ఇకపై కిలోల్లో రాయాలని. అందరూ సరేనన్నారు. ఆమె మాత్రం ప్రతి ఊరి నుంచీ ఒక మానిక తెప్పించి, కింది కిరాణా దుకాణపు కాంటా మీద బియ్యం పోసి తూచింది. ఏ రెండు ఊళ్ళ మానికలూ ఒక్క తూకం రాలేదు. అంతటితో ఆగకుండా ఆ ఏడు సగం ఇళ్ళకు పాత ఫారం, సగం ఇళ్ళకు కొత్త ఫారం పంపింది. రెండింటికీ ఎంత తేడా వస్తుందో రాసి రిజిస్టరులో అతికించింది. ఆ చీటీ ఉండబట్టే ఆ ఊళ్ళ జనం ఒక్క ఏడాదిలో తిండి తగ్గించేశారని ఎవరూ రిపోర్టు రాయలేదు. ఈ పద్ధతికి పుస్తకాల్లో పేరుందని నేను చెబితే, "ఉంటే ఉండనీ, నాకెందుకు" అన్నది.

ఆమెలో అన్నీ మంచివే అని రాస్తే అబద్ధమవుతుంది. వయసుల దగ్గర మొండిది. నలభై అని ఎవరైనా చెబితే, "నలభై అంటే ఎవలు నమ్ముతరు, దాని పెద్దబిడ్డకే ముప్పై" అని తన లెక్క వేసేది. సాక్ష్యం లేదు కదా అంటే, "నాకెర్క" అనేది. తెలియకపోవడం అనేది తనకు వర్తించదని నమ్మేది. కొత్తగా చేరినవాళ్ళను అందరి ముందూ ఏడిపించేది. కాగితపు ఫారాల బదులు టాబ్లెట్ వచ్చాక దాన్ని ఒక్కసారి కూడా చేత్తో ముట్టలేదు. నేర్పుతానంటే, "నువ్వు నేర్సుకున్నవ్ గద, సాలు" అన్నది. ఆ మొండితనం ఆమెను చివరికి ఎంత దెబ్బ తీసిందో చెబుతాను.

టాబ్లెట్లతో పాటు ఫారం చిన్నదైంది. మేనేజరు దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు, ఇంటికి పావుగంట చాలని. పోయినవాటిలో పాత ఫారపు నాలుగో పేజీ ఒకటి. ఆ పేజీ కోసం ఇంట్లోని ఒక్కొక్క ఆడమనిషినీ విడిగా కూర్చోబెట్టి, నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏ గంటలో ఏం చేసిందో అడిగేవాళ్ళు. కొత్తదానిలో ఇంటి పెద్దను ఒక్కణ్ణి అడిగితే సరిపోతుంది, ఇంట్లో ఒక్కొక్కరి ముఖ్యమైన పని ఏమిటని. ఒక మనిషికి ఒక గడి; ఎవరికైనా రెండు పనులు చెబితే రెండూ గంటలతో సహా అందులోనే ఎక్కించాలి.

సరిదిద్దే పని కూడా ఆమె చాప మీద నుంచి నా కంప్యూటరులోకి వచ్చింది. నేను ముప్పై ఒక్క నియమాలు రాశాను. ఒక జవాబుకు మరో జవాబుతో పొసగకపోతే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో అవే చూసుకుంటాయి. ఆమె పది రోజులు చేసే పని, నేను చాయ్ తాగి వచ్చేలోపు అయిపోయేది. గర్వంగా అచ్చు తీసి ఆమెకు చదివి వినిపించాను. పదహారు దాకా ఊ కొట్టింది. పదిహేడు దగ్గర చెయ్యెత్తింది.

పదిహేడో నియమం ఇది. ఒక మనిషికి ఒకే పని. రెండు పనులు నమోదైతే ఎక్కువ గంటలు పట్టేదాన్ని ఉంచి, రెండవది తీసేయాలి.

"ఒక మనిషికి ఒకే పనా? ఏ మనిషికి?" అన్నది.

"కంప్యూటర్‌కు గట్లనే కావాలె అక్కా. లేకుంటె ఒక్కమనిషి రెండుసార్లు లెక్కకస్తది."

"నీ కంప్యూటర్‌కు పెండ్లి గాలె ఇంజినీరూ. అయ్యుంటె ఎర్కయ్యేది."

నవ్వాను. ఆమె నవ్వలేదు. మర్నాడు ఆదివారం, తనతో చిన్నకోడూరు వైపు రమ్మన్నది. "ఒక్కపూట ఎండల నిలబడు. తర్వాత ఏం రూలు రాస్తవో రాయి."

మేము వెళ్ళిన ఊళ్ళో సగం ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. రేణుక అనే ఆమె ఇంటికి వెళ్ళాం. ఇరవై మూడేళ్ళుంటాయి. గడపలో కూర్చొని ఉంది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూల తంబాకు పొడి కుప్ప. భర్త లోపల మంచం మీద ఉన్నాడు. కొత్త ఫారం ప్రకారం నేను అతణ్ణే అడిగాను, మీ ఆమె ఏం పని చేస్తుందని.

"ఏం జేయది. ఇంట్లనే ఉంటది" అన్నాడు.

రేణుకనే అడిగి చూశాను.

"నేనేం జేస్త సార్, ఇంట్లనే ఉంట" అన్నది. అంటూనే ఒక ఆకు తీసుకొని, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, బీడీని పక్కన పడేసింది. నేను టాబ్లెట్‌లో "ఇంటి పని" నొక్కేలోపు రెండోది కూడా చుట్టింది.

అప్పుడు అక్క గడప ముందు చతికిలబడింది.

"నిన్న ఏ యాళ్ళకు లేసినవ్ బిడ్డా?"

"నాలుగున్నరకు."

"లేసి?"

"సానుపు జల్లిన. బోళ్ళు తోమిన. నీళ్ళు వట్టిన. వంట జేసిన."

"వంటయినంక?"

"పిల్లను సెంటర్ల తోలిచ్చి బీడీలకు కూసున్న."

"ఎప్పటిదాక?"

"అన్నం యాళ్ళదాక. తిని మల్ల కూసున్న. పిల్ల అచ్చేదాక."

"సెంటర్ లేకపోతె?"

రేణుక చేతులు మొదటిసారి ఆగాయి. పిల్ల పాకే వయసులో ఒకరోజు తాను నీళ్ళకు లేచి వచ్చేసరికి, చాటలోని తంబాకు గుప్పెడు నోట్లో పెట్టుకుందని చెప్పింది. నురగ కక్కి, ఒళ్ళు చల్లబడితే బండి మీద సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయారు. "మూడు దినాలు కండ్లు తెరువలే. గా తర్వాతనే సెంటర్ వెట్టిన్రు. గిప్పుడు గాడుంటేనే నా చేతులాడుతయి" అన్నది. కథ చెప్పినట్టు కాకుండా, ధర చెప్పినట్టు చెప్పింది.

సెంటర్ అంటే అదే వీధిలో ఒక కిరాయి గది. పని చేసే తల్లుల పిల్లలను పగలంతా చూసుకోవడానికి మా సర్వే చేయించే ట్రస్టే ఆ ఊళ్ళలో ఇలాంటి గదులు నడిపేది. ఒక ఆయా, నాలుగు చాపలు, గోడ మీద రంగుల్లో కాకి, పిల్లి, అక్షరాలు. ఎన్ని గదులు ఉంచాలో ట్రస్టు మా లెక్కను బట్టే నిర్ణయించేది.

తిరుగు బస్సులో రేణుక రోజును గంటల్లో కూడాను. వంట, నీళ్ళు, బోళ్ళు, బట్టలు, పిల్ల కలిపితే ఎనిమిది గంటలు. బీడీలు ఆరు గంటలు. నా పదిహేడో నియమం ప్రకారం బీడీలు కొట్టివేయబడతాయి. ఇది ఆ రోజే నాకు తెలుసు. ఈ వాక్యాన్ని ఎన్నోసార్లు మార్చి రాద్దామనుకున్నాను. మారదు.

తెలిసీ ఏం చేశానంటే, మేనేజరుకు చెప్పాను. ఆయన, "హైదరాబాద్ల ఓకే జేసిన్రు తమ్మీ, ఇప్పుడు కెలుకకు" అన్నాడు. కెలకలేదు.

టాబ్లెట్లతో తొలి ఏడాది లెక్క వచ్చింది. ఆ ఊళ్ళలో పని చేసే ఆడవాళ్ళు ముందటేటి కంటే సగానికి పడిపోయారు. ఆమె ఆ కాగితాన్ని చేతికి దూరంగా పట్టుకొని చదివింది.

"బీడీ కార్ఖానా బంద్ అయిందా?"

"కాలే."

"ఆకు అస్తలేదా?"

"అస్తుంది."

"మరి ఒక్క ఏడాదిల గింతమంది ఆడోళ్ళు ఏడికి వోయిన్రు సార్?" అని మేనేజరును అడిగింది.

ఆయన, జనం బాగుపడుతున్నారని, ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉండగలుగుతున్నారని, ఇది మంచి మార్పని చెప్పాడు. పని చేసే తల్లులే తగ్గితే పిల్లల గదులు అన్ని అక్కర్లేదని ట్రస్టువాళ్ళు అనుకుంటున్నారని కూడా చెప్పాడు. ఆమె పాత మానికల ఏడాది సంగతి గుర్తు చేసి, సగం ఇళ్ళకు పాత ఫారంతో పోదామన్నది. వీలు కాదన్నాడు. మనుషులు లేరన్నాడు.

ఆమె బీరువాలో మిగిలిన పాత ఫారాలు లెక్కపెట్టింది. నలభై ఉన్నాయి. అప్పటికే టాబ్లెట్‌తో అడిగిన ఇళ్ళలోంచి నలభై ఏరుకున్నది. వరుసగా ఆదివారాలు ఒక్కతే వెళ్ళింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఇచ్చే జీరో టికెట్‌ను పారేయకుండా, ఏ రోజు వెళ్ళిందో దానికి సాక్ష్యంగా ఆ రోజు ఫారాలకు గుండుసూదితో గుచ్చేది. సోమవారాలు మోకాళ్ళకు గుడ్డ కట్టుకొని వచ్చేది. చాప మీద కూర్చోవడానికి గోడ పట్టుకొని మెల్లగా దిగేది. నలభై ఇళ్ళూ అయ్యాక కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఎక్కియ్యి. మీ టాబ్లెట్ ఏం జెప్పింది, గీ కాగితం ఏం జెప్పింది, పక్కపక్కన వెట్టు. నేనేం జెప్ప. గదే జెప్తది."

ఎక్కించాను. ఇక్కడ జరిగింది చదివేవాళ్ళకు స్పష్టంగా ఉండాలి గనుక మెట్టు మెట్టుగా రాస్తాను. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కంప్యూటరులోకి పోయింది. అక్కడ కొత్తగా వచ్చిన ఏ ఫారమైనా నేరుగా నియమాల గుండా పోతుంది. నేనే అలా కట్టాను. పదిహేడోది ఆమె నలభై ఫారాల్లోని బీడీల గంటలను ఒక్కొక్కటిగా తీసేసింది. ఆ తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాను. రెండూ అచ్చంగా సరిపోయాయి.

అలా సరిపోయినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఒక్క నిమిషమే కావచ్చు. కానీ కలిగింది. 

ఆ సాయంత్రమే పట్టిక మేనేజరు చేతికిచ్చాను. మర్నాడు పొద్దున గానీ తెలియలేదు, పరీక్ష పెట్టాల్సిన పద్ధతి గుండానే పరీక్ష కాగితాలను పంపానని. మేనేజరు దగ్గరికి పరుగెత్తాను.

"పట్టిక రాత్రే పంపిన గద తమ్మీ. మస్తు ఖుషయిన్రు. గిప్పుడు తప్పంటవా?"

"తప్పే సార్. రూలు తీసేసి మల్ల ఎక్కిస్త. రెండు గంటల పని."

"రెండు గంటలల్ల నీ నౌకరి, నా నౌకరి రెండు పోతయి. ఊకో."

వారం తర్వాత ఆఫీసులోనే మీటింగు పెట్టారు. ట్రస్టు నుంచి ఇద్దరు వచ్చారు. ప్రొజెక్టరుతో గోడ మీద లెక్కల బొమ్మ వేశారు. పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ తేడా లేదని క్షేత్రస్థాయి పరీక్షలో రుజువైందని మేనేజరు చదివాడు. రుజువు కింద ఆమె ఫారమే ఒకటి ఫొటో తీసి చూపించాడు. నాలుగో పేజీ, పచ్చ సిరా, జీరో టికెట్, అంచున పసుపు వేలిముద్ర. ఆ వేలిముద్ర గోడ మీద తలకాయంత కనిపించింది. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. మేనేజరు ఆమెను ముందుకు పిలిచి శాలువా కప్పాడు. ఆదివారాలు కూడా లెక్కచేయని నిబద్ధత అన్నాడు.

ఆమె శాలువాతోనే గోడ దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూపించింది. "గిది నా ఫారం. గీడ బీడీలు ఆరు గంటలని రాసిన. పక్క బొమ్మల బీడీలు లేవు. ఏమాయె సార్?"

"గది సిస్టం చూసుకుంటది అక్కా. కూసో" అన్నాడు మేనేజరు నవ్వుతూ. వచ్చినవాళ్ళూ నవ్వారు.

ఆమె నా వైపు తిరిగింది. కంప్యూటరును ఆమె ముట్టదు. అందులో ఏం జరిగిందో ఆమెకు చెప్పగల మనిషి ఆ గదిలో నేనొక్కణ్ణే. నేను ఛార్జర్ వైరు సరిచేశాను. అది సరిగానే ఉంది.

మూడు నెలల్లో రేణుక ఊరి గది మూతపడింది. పక్క ఊళ్ళవి కూడా. అక్క ఆఫీసు మానేసింది. పోతూ పోతూ నలభై ఫారాల కట్టను నా బల్ల మీద నుంచి తీసుకొని చంకలో పెట్టుకుంది. నేను అడ్డం చెప్పలేదు. తర్వాత నేనూ ఇంకో ఉద్యోగం చూసుకున్నాను.

ఆ తర్వాత ఆమెను ఒక్కసారే చూశాను, సిద్దిపేట బస్టాండులో, కొండపాక బస్సు కోసం నిలబడి ఉంటే. జరిగిందంతా చెప్పాను. పదిహేడో నియమం, నా సంతోషం, వైరు, అన్నీ. మధ్యలో ఒక్క ప్రశ్నా వేయకుండా విన్నది.

"నువ్వు రూలు రాసుడు తప్పు గాదు" అన్నది చివరకు. "తప్పు ఎవలన్న జేస్తరు. నేనూ వయసుల కాడ జేసిన. నాకు రోత ఏందంటే, నా చేతిరాత వెట్టి నాతోనే అబద్ధమాడిపిచ్చిన్రు. గా తల్లుల ముంగట నా మొకమెట్ల వెట్టుకోను?"

శాలువా ఏం చేశావని అడిగాను.

"కిటికీకి కట్టిన. దానికి ఎండ గూడ ఆగుతలేదు."

బస్సు వచ్చింది. మెట్టు ఎక్కడానికి కడ్డీ పట్టుకొని ఒక్క క్షణం ఆగింది. ఏదో చెబుతుందనుకున్నాను. మోకాలి నొప్పికి ఆగింది అంతే.

మేనేజరు ఫోను చేసిన రోజు సాయంత్రం నేను కొండపాకలో ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో టెంటు ఇంకా తీయలేదు. ఆమె కూతురు నన్ను గుర్తుపట్టింది. సంగతి చెబితే ముఖంలోకి చూసి, "మేనేజర్ తోలిండా, నువ్వే అచ్చినవా?" అని అడిగింది.

"తోలిండు. కానీ ఆయనకియ్య."

ఆమె లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన కట్ట తెచ్చి ఇచ్చింది. ఆ కూతురు చెబితే అప్పుడే తెలిసింది ఈ కాగితాలకు ఇప్పుడెందుకు విలువ వచ్చిందో. ట్రస్టులో కొత్త అధికారి వచ్చిందట. పన్నెండేళ్ళ లెక్క ఒక్క ఏడాదిలో ఎందుకు విరిగిందని అడుగుతోందట. ఈ ఇంటికి కూడా ఫోను చేసి అడిగిందట. మేనేజరుకు ఈ కట్ట ఆ అధికారికి చిక్కకుండా తన బీరువాలో ఉండాలి, అంతే.

మూడు రోజులు కూర్చున్నాను. నలభై ఫారాలనూ ఏ నియమమూ తగలకుండా నేనే ఎక్కించాను. నా దగ్గర మిగిలిన టాబ్లెట్ జవాబుల కాపీ తీసి, ఇంటికి ఇల్లు, మనిషికి మనిషి పక్కపక్కన పెట్టాను. తగ్గుదలలో అడిగే తీరు మారడం వల్ల ఎంత వచ్చింది, సరిదిద్దే తీరు మారడం వల్ల ఎంత వచ్చింది, విడివిడిగా రాశాను. రెండూ పోతే మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఆ నియమం రాసింది ఎవరో కూడా పేరుతో రాశాను. కొత్త అధికారికి పంపాను. మేనేజరుకు ఒక కాపీ పెట్టాను. ఆయన ఫోను ఎత్తడం మానేశాడు.

రెండు వారాలకు జవాబు వచ్చింది. మర్యాదైన ఉత్తరం. శ్రమకు ధన్యవాదాలు, ఎత్తి చూపిన విషయాలు విలువైనవి. పద్ధతులు మారినందున పాత ఏళ్ళను కొత్త ఏళ్ళతో పోల్చడం సబబు కాదని నిర్ణయించారు. ఇకమీదట లెక్క టాబ్లెట్లు వచ్చిన ఏడాది నుంచి మొదలవుతుంది. అంతకు ముందువి పక్కన పెడతారు. మూసిన గదుల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

అందులోని తెలివి అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. పోల్చకపోతే తగ్గుదల లేదు. తగ్గుదల లేకపోతే తప్పు లేదు. బీడీలు చేసే ఆ ఆడవాళ్ళు తగ్గలేదు, పెరగలేదు. మొదటి ఏడాది నుంచీ లేరు. తిరిగి తెరవాల్సిన గది కూడా అందుకే లేదు. ఒక అబద్ధాన్ని దిద్దమని వెళితే, అది అబద్ధమని తెలిసే ఆధారాన్నే ఇంత శుభ్రంగా తుడిచి ఇచ్చారు. నేను రాసిన ముప్పై ఒక్క నియమాల్లో ఏదీ ఇంత బాగా పని చేయలేదు.

ఈ ఆదివారం రేణుక దగ్గరికి వెళ్ళాను. అక్క పోయిందని ఆమెకు తెలియదు. చెబితే, ఎప్పుడని అడిగింది. చేతులు మాత్రం ఆగలేదు. పిల్లల గది ఇప్పుడు బీడీ కార్ఖానావాళ్ళు ఆకు, తంబాకు పెట్టుకోవడానికి తీసుకున్నారు. తలుపు తెరిచే ఉంది. కాకి బొమ్మకు మెడదాకా బస్తాలు ఆనించి ఉన్నాయి.

ఉత్తరం సంగతి నాకు చేతనైనంత తేలికగా చెప్పాను.

"అయితె మేము పని జేసినట్టా, జెయ్యనట్టా?" అన్నది.

"చేసినట్టే. కాగితం ఉన్నది."

"మల్ల తెరుస్తరా?"

"తెరువరు."

"గట్లనా" అని, ఇంకో ఆకు తీసుకుంది.

పెద్దపిల్ల బడికి పోతోంది. రెండోది పుట్టి పది నెలలైంది. రేణుక చిరిగిన చీర అంచుతో దాని కాలు మంచం కోడుకు కట్టింది. గడప దాకా పాకి, గుడ్డ బిగుసుకున్న చోట అది ఆగిపోయి, చాట వైపు చెయ్యి చాపింది. తంబాకుకు ఇంకా జానెడు దూరం ఉంది. రేణుక తలెత్తలేదు. ఆ జానెడూ ఆమె ముందే కొలిచి కట్టింది.